ఏడాది తరవాతి మోకాలు

హైమావతి టీచరు గారు విజిల్ ఊదకుండా ఏ పనీ మొదలుపెట్టి ఎరగరు. విశాఖపట్నంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా ఉద్యోగమంతా చేసి, ఆ స్కూలు గోడ పక్కనే ఇల్లు కట్టుకుని రిటైరైన మనిషి. ఆ రోజు ప్రయోగశాలలో చెక్కమెట్ల ముందు నిలబడి కూడా, మెడలో విజిల్ అందుకుని గట్టిగా ఊదారు. కంప్యూటర్ల ముందున్న వాళ్ళు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

"అత్తయ్యా, ఇది ల్యాబు," అంది కోడలు వకుళ.

"అయితే ఏం? కాలు కదపడానికేగా పిలిచావు," అన్నారావిడ.

ఆవిడ కుడి కాలికి తొడ మధ్య నుంచి పిక్క దాకా ఒక నల్లటి తొడుగు బిగించి ఉంది. దూరం నుంచి చూస్తే క్రికెట్ ప్యాడ్ అనుకుంటారు. అది వకుళ ఏళ్ళ తరబడి పడ్డ కష్టం. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకుంటే ఏడాది తరవాత ఆ మోకాలు ఎలా ఉంటుందో, ఈ తొడుగు ఇవాళే చూపించేస్తుంది. చూపించడమంటే బొమ్మ గీసి కాదు. అప్పుడెంత వంగుతుందో ఇప్పుడంతే వంగనిస్తుంది. అప్పుడెంత సలుపుతుందో ఇప్పుడంతే సలుపుతుంది. ప్రాజెక్టు కాగితాల్లో దీనికి 'జాను' అని పేరు పెట్టారు, సంస్కృతంలో మోకాలు అని అర్థం. కానీ కుర్ర ఇంజనీర్లు ఫోన్లో "జానుకి ఛార్జింగ్ పెట్టి వస్తాను" అనడం, అవతల వాళ్ళు అపార్థం చేసుకోవడం జరిగాక, ఆ పేరు వదిలేసి 'ఏడాది కాలు' అంటున్నారు.

రేపటి సంగతి దానికెలా తెలుస్తుందంటే, ముందు కొన్నాళ్ళు మనిషి చీలమండకి ఒక సన్నటి పట్టీ, తొడకి రూపాయి బిళ్ళంత అతుకు పెట్టుకుని ఇంట్లో మామూలుగా తిరగాలి. బరువెంత, షుగరెంత, ఎముక గట్టిదా గుల్లదా అన్నవి ఆసుపత్రి పరీక్షలు చెబుతాయి. మనిషి ఎలా లేస్తోంది, ఎక్కడ ఆగుతోంది, కండ ఎప్పుడు బిగుసుకుంటోంది, చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారు అన్నవి పట్టీ, అతుకూ కలిసి పట్టుకుంటాయి. అన్నీ కలిపి లెక్క కట్టి, యంత్రం ఆ మనిషి రేపటి కాలుని తయారుచేస్తుంది. అప్పటిదాకా ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో దాని జోస్యం తప్పింది బహు తక్కువ.

హైమావతి గారి పరీక్షలన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. షుగరు లేదు, ఒళ్ళు లేదు, తొడ కండ ఈ వయసులో ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంది. అరిగిందల్లా మోకాలే. పిల్లలకి ఖోఖో నేర్పుతూ జీవితంలో సగం గొంతుక్కూర్చునే గడిపారు మరి. అందుకే వకుళ ధీమాగా మీట నొక్కింది.

ఆవిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టారు. పెట్టిన కాలు అక్కడే ఉండిపోయింది. ఒంటి బరువు దాని మీదికి వెయ్యబోయారు, మోకాలు కొయ్యలా బిగుసుకుంది. ఇంకోసారి ప్రయత్నించారు. నుదుటి మీద చెమట పట్టింది. మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, మెట్ల పక్కనున్న కమ్మీని పట్టుకుని నిలబడ్డారు.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"నొప్పి నాకు కొత్తా వకుళా? ఇది నొప్పి కాదు. ఈ కాలు భయపడుతోంది." ఆవిడ తొడుగు వైపు అసహ్యంగా చూశారు. "నా కాలు ఎప్పుడూ భయపడలేదు. ఇది ఎవరిదో పెట్టావు."

తెర మీద ఫలితం ఎర్రగీతకి చాలా కింద పడింది. ఆ గీత గీసింది వకుళే. ఎంత బాగా ఆపరేషన్ చేసినా కొందరికి బాధ పోదు, ఉన్న బాధకి డబ్బూ శ్రమా దండగవడం తోడవుతుంది. అలాంటి వాళ్ళని ముందే ఆపితే వాళ్ళకి మేలు చేసినట్టే అనుకుంది. ఆసుపత్రి కూడా ఒప్పుకుంది. గీత కింద పడ్డవాళ్ళకి కత్తి తాకించరు. అలా ఎంతోమందిని "ఈ మోకాలితోనే సర్దుకోండి" అని నెమ్మదిగా నచ్చజెప్పి పంపించింది. ఇప్పుడా వరసలో సొంత అత్తగారు నిలబడ్డారు. వకుళ గబగబా తెర ఆపేసి, తొడుగు విప్పడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చేసరికి శశిభూషణ్ గేటు దగ్గరే ఉన్నాడు. కారు ఆగీ ఆగకముందే తలుపు తీసి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"జాగ్రత్తమ్మా. అక్కడ చిన్న గట్టుంది, జాగ్రత్త. చెప్పులు తడిగా ఉన్నాయేమో చూసుకో."

"ఈ గట్టు కట్టించింది నేనేరా," అన్నారావిడ. అన్నారు గానీ, కొడుకు చేతి మీద బరువంతా వేసి దాటారు.

శశి బ్యాంకు మేనేజరు, నెమ్మదైన మనిషి. తల్లి దగ్గర మాత్రం కోడిపిల్లల్ని చూసుకునే కోడిపెట్ట. ఆవిడ కుర్చీలోంచి లేవబోతే చాలు, ఏ గదిలో ఉన్నా పరిగెత్తుకొస్తాడు. ఆవిడ గది మేడ మీదే ఉండేది. దాన్ని హాల్లోకి దింపేశాడు. మేడ తలుపుకి తాళం కూడా వేశాడు. ఆ డాబా మీద నుంచి చూస్తే స్కూలు మైదానం మొత్తం కనిపిస్తుంది. సాయంత్రం పిల్లలు ఖోఖో ఆడుతుంటే, పైనుంచి వాళ్ళ తప్పులు పట్టుకుని కేకలెయ్యడం హైమావతి గారి రిటైర్మెంటు ఉద్యోగం. ఆవిడ ఆపరేషన్ కోరుకున్నది అందుకే. గుడికీ గోపురానికీ కాదు, ఆ మెట్లెక్కి డాబా మీదికి చేరడానికి.

శశి మీద విసుక్కుందామంటే వకుళకి మనసొప్పదు. మామగారు నీళ్ళ బకెట్ పట్టుకుని పై కుండీల కోసం ఎక్కుతూ ఆ మెట్ల మీదే జారి పడి చనిపోయారు. శశి అప్పుడు కిందే కూర్చుని పేపరు చదువుతున్నాడు. తండ్రి ఎక్కడం చూశాడు. ఏమీ అనలేదు, అనాలని ఎవరికి తడుతుంది? ఆ రోజు అనని మాట అతను రోజూ అంటూనే ఉన్నాడు.

మరుసటి వారం శశికి హైదరాబాదులో ట్రైనింగు పడింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అన్నిసార్లు జాగ్రత్తలు చెప్పాడంటే, ఆటో డ్రైవరే "సార్, ట్రైన్ ఎల్లిపోద్ది" అని హారన్ కొట్టాల్సొచ్చింది.

ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. వకుళ పొద్దున్న ల్యాబుకి పోతే సాయంత్రానికి గానీ రాదు. వచ్చేసరికి పప్పు ఉడికి ఉండేది, తీగ మీద బట్టలు మడతల్లోకి వచ్చి ఉండేవి. ఎవరు చేశారని వకుళ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పట్టీ, అతుకూ మాత్రం ఆవిడ కాలికే ఉన్నాయి. తీసెయ్యమంటే, "వెండిది కాకపోయినా పట్టీ పట్టీయే, ఉండనీ. మీ మామయ్య ఉన్నప్పుడు కొనిపెట్టమంటే డ్రిల్లు టీచరుకి పట్టీలేంటన్నారు," అని నవ్వేశారు.

శశి తిరిగొచ్చే ముందు ఆవిడే ల్యాబుకి వస్తానని పట్టుబట్టారు.

"లాంగ్ జంపులో ఎవరికైనా మూడు ఛాన్సులిస్తాం. నాకు ఒకటే ఇచ్చి ఫెయిల్ అంటావా? ఇంకోసారి పెట్టు."

పట్టీలో, అతుకులో చేరిన కొత్త సమాచారంతో తొడుగు మళ్ళీ లెక్క కట్టుకుంది. హైమావతి గారు విజిల్ ఊది, కాలు వేశారు. మోకాలు మెత్తగా వంగింది. రెండో మెట్టు. చివరి మెట్టు. పైనుంచి వెనక్కి తిరిగి, "ఇది నాది," అన్నారు.

తెర మీద ఫలితం ఎర్రగీతని దాటి ఎక్కడో పైన ఉంది.

వకుళ సంతోషపడాల్సింది పోయి, పాత ఫలితం తీసి మళ్ళీ చూసుకుంది. మనిషి అదే, ఎముక అదే, కండ అదే. ఒక్క వారంలో ఆ మోకాలి రేపు ఎలా మారుతుంది? యంత్రం చెడిపోయిందా? ఒకవేళ చెడిపోకపోతే, మరి వెనక్కి పంపినవాళ్ళ మాటేమిటి?

ఆవిణ్ణి ఇంటికి పంపించి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పట్టీ విన్న శబ్దాల్నీ, తొడ కండల గీతల్నీ పక్కపక్కన పెట్టి నడిపించింది. మొదటి వారం. కుర్చీ కిర్రుమంది, ఆవిడ లేస్తోంది. కండ గీత చక్కగా పైకి లేచింది. ఇంతలో శశి గొంతు, "అమ్మా, జాగ్రత్త." ఆ మాట పడగానే తొడ ముందు కండా వెనక కండా ఒక్కసారే బిగుసుకున్నాయి. ఒకే తలుపుని లోపల నుంచి ఒకరూ బయట నుంచి ఒకరూ నెడుతుంటే ఎలా ఉంటుందో అలా, మోకాలు ఎటూ కదలకుండా నిలిచిపోయింది. వంటింటి గుమ్మం దగ్గర మళ్ళీ, "జాగ్రత్త." మళ్ళీ బిగుసుకుంది. బాత్రూం దగ్గర, తులసి కోట దగ్గర, మంచం దగ్గర. చివరికి శశి ఇంట్లో లేని వేళ కూడా, ఆ మాట వినపడే చోటికి రాగానే కాలు తనంతట తనే ఆగడం నేర్చుకుంది.

రెండో వారంలో ఆ మాట లేదు. మొదట రెండు రోజులు అలవాటుగా ఆగిన కాలు, తరవాత ఆగడం మానేసింది.

యంత్రం చెడిపోలేదు. దానికి ఎముకా తెలుసు, ఇల్లూ తెలుసు. రెండూ కలిపి చెబుతుంటే వకుళే అంతా ఎముక మీదికి నెట్టేసింది. ఇంట్లో మనుషులు మారితే మోకాలి రేపు మారుతుందన్న సంగతి ఆమెకి తట్టనే లేదు.

వెనక్కి పంపిన వాళ్ళ రికార్డులు ఒక్కొక్కటే తెరిచింది. కొందరివి నిజంగానే బాగాలేవు. షుగరు, గుల్లబారిన ఎముక, వాటిని ఏ మాటా మార్చలేదు. కానీ మిగతా చాలామంది ఇళ్ళలో ఏదో ఒక మాట వినిపించింది. ఒకచోట "నువ్వు కూర్చోవే, నేను తెస్తా". ఒకచోట "పడ్డావంటే మాకు చాకిరీ". ఇంకోచోట పలకరించడానికి వచ్చిన చుట్టాలు, "మా వదినకీ ఇలాగే చేశారు, పాపం మంచం దిగలేదు" అని కాఫీ తాగి వెళ్ళారు. ప్రేమ, విసుగు, సానుభూతి, ఏదైనా సరే కండకి ఒకటే. విన్న ప్రతిసారీ బిగుసుకుంది.

సర్జన్ డాక్టర్ పట్నాయక్ అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒక్క మాట అంటాను, ఏమీ అనుకోకమ్మా. ఇన్నాళ్ళూ కదలని గీత, మీ అత్తగారి దాకా వచ్చేసరికి కదిలిందంటారు బయట."

ఆ మాట వకుళకి చురుక్కుమని తగిలింది. అయినా తొణకలేదు. తను చేసిన యంత్రం మీద నమ్మకం ఇప్పుడు రెట్టింపైంది, తప్పెక్కడుందో తెలిసింది కాబట్టి.

"అంటారు సార్. అందుకే మా అత్తగారికి అందరికన్నా చివర చేద్దాం. ముందు వీళ్ళందరినీ వెనక్కి పిలుస్తాను. ఈసారి రోగితో పాటు ఇంట్లో వాళ్ళని కూడా రమ్మంటాను."

"వాళ్ళనెందుకు?"

"పరీక్ష వాళ్ళకే సార్."

ఫోన్లు చెయ్యడం అనుకున్నంత సులువు కాలేదు. పార్వతీపురం దగ్గర గౌరునాయుడు గారని రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన భార్య ఫోనెత్తింది.

"ఇప్పుడేటమ్మా? పనికిరాదని మీరే గదా అన్నారు. అప్పట్నించి మంచం ఒగ్గి లెగనేదు మనిషి. ఆళ్ళు సెప్పీసినాక ఇంకేటుందని గోడకేసి తిరిగి పడుకున్నాడు."

ఏడాది కాలు చెప్పిన మాట కూడా ఆ ఇంట్లో ఇంకో 'జాగ్రత్త' అయి కూర్చుంది.

"నేను చెప్పింది తప్పమ్మా," అంది వకుళ స్పష్టంగా. "ఆయన కాలు పనికొస్తుంది. బండి పంపిస్తాను, ఇద్దరూ రండి."

ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. తరవాత ఆవిడ గొంతు దూరంగా వినిపించింది, మొగుణ్ణి కేకేస్తోంది. "ఓలయ్యా, లెగూ! తప్పంట! కాలొస్తాదంట!"

లైన్లో చివర నిలబెట్టానని చెప్పినప్పుడు హైమావతి గారు ఏ మాత్రం నొచ్చుకోలేదు. "ఎత్తు వరసలో ఎప్పుడూ పొడుగు వాళ్ళు చివరేగా. నేను ఒకటో క్లాసు నుంచీ చివరే," అన్నారు. ఆవిడతో బాధ లేదు. బాధల్లా శశితోనే.

అతను హైదరాబాదు నుంచి వచ్చిన రెండో రోజు వకుళ అతని చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టింది. ఏమీ వివరించలేదు. తన గొంతే తను విన్నాడు, మళ్ళీ మళ్ళీ, తెర మీద గీత ఎగిరినప్పుడల్లా. కాసేపటికి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే నేనే అమ్మ కాలు పాడుచేస్తున్నానా?"

"నువ్వు కాదు. ఆ మాట."

"నాన్నతో ఒక్కసారి అనుంటే ఆగేవాడు వకుళా. ఒక్కసారి." అతని కళ్ళు నిండిపోయాయి. "అనకుండా ఎలా ఉండను? అమ్మ లేస్తుంటే నా నోట్లోంచి అదే వచ్చేస్తుంది. మరింకేమనాలి నేను?"

జవాబు హాల్లోంచి వచ్చింది. గోడకి చెవులుంటాయో లేదో గానీ, డ్రిల్లు టీచర్లకి ఉంటాయి.

"శశీ! ఇలా రా. సావధాన్!"

నలభై దాటిన బ్యాంకు మేనేజరు తల్లి ముందు చేతులు ఒంటికి అంటించుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆవిడ తాపీగా కుర్చీలోంచి లేచారు. అతని పెదవులు కదిలాయి.

"సావధాన్ లో మాట్లాడకూడదు," అన్నారావిడ. వంటింటి దాకా నడిచి, మంచినీళ్ళు తాగి, తిరిగొచ్చి కూర్చున్నారు. "ఆఁ, రోజూ ఇదే డ్రిల్లు. నువ్వు నాకు కాదు, నేనే నీకు ఫిజియోథెరపీ చేయిస్తాను."

వరసలో చివరగా ఆవిడ ఆపరేషన్ కూడా అయింది. అప్పటికి గౌరునాయుడు గారు చేతికర్రతో ఆసుపత్రి వరండాలో తిరుగుతూ, కొత్తగా వచ్చినవాళ్ళకి "మీ ఇంటోలు ఏటంటారు?" అని ముందు అదే అడిగేవారు. పప్పు తింటే చీము పడుతుందని పక్కింటావిడ చెప్పబోతే, హైమావతి గారు ఆవిడ ఎదుటే గిన్నెడు ముద్దపప్పు తిని చూపించారు. వ్యాయామాలన్నీ విజిల్ ఊది మరీ చేశారు. గొంతుక్కూర్చోవడం ఒక్కటి కుదరదని డాక్టర్ పట్నాయక్ అంటే, "నేను కూర్చోను, కూర్చోబెడతాను," అన్నారు.

కాలు నిలదొక్కుకున్నాక ఒక సాయంత్రం శశి తనంతట తనే వెళ్ళి మేడ తలుపు తాళం తీశాడు. వచ్చి మెట్ల కింద సావధాన్ లో నిలబడ్డాడు. పక్కనే వకుళ. మైదానంలోంచి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

హైమావతి గారు మొదటి మెట్టు ముందుకొచ్చి ఆగిపోయారు. విజిల్ పెదవుల దాకా వెళ్ళింది గానీ ఊదలేదు. ఆవిడ చూపు పైమెట్ల దగ్గర ఉంది, భర్త పడిన చోట. ఎవరూ ఏమీ అనలేదు. అయినా కొత్త మోకాలు కొద్దిగా వణకడం వకుళకి కనిపించింది. 'జాగ్రత్త' అన్న మాట తన నాలుక చివరికే వచ్చేసరికి, గభాలున చేత్తో నోరు మూసుకుంది.

"కాలు రావట్లేదురా శశీ," అన్నారావిడ చిన్నగా. వకుళ పెళ్ళై వచ్చిన నాటి నుంచి ఆవిడ నోట అలాంటి మాట వినలేదు.

శశి సావధాన్ వదిలేశాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. చెయ్యి పట్టుకుంటాడనుకుంది వకుళ. పట్టుకోలేదు. బయట మైదానంలో ఎవరో పిల్ల గట్టిగా అరిచింది, అది విని అతని మొహంలో ఏదో వెలిగింది. చిన్నప్పుడు అమ్మ వెంట రోజూ ఆ మైదానంలోనే పెరిగినవాడు. ఆటలో వరసగా కూర్చున్నవాళ్ళు తమంతట తాము లేవకూడదు. వెనక నుంచి ఒకరు వచ్చి వీపు మీద చెయ్యేసి ఒక మాట అంటే, అప్పుడు లేచి పరిగెత్తాలి.

అతను తల్లి వీపు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఖో," అన్నాడు.

హైమావతి గారి కాలు ఆలోచించలేదు. మొదటి మెట్టు, రెండో మెట్టు, ఆ తరవాత వకుళ లెక్కపెట్టడం మర్చిపోయింది. ఆవిడ భర్త పడిన చోటు దాటారు, మలుపు తిరిగారు, కనిపించకుండా పోయారు. శశి చెయ్యి ఇంకా గాల్లో అలాగే ఉంది. కళ్ళ నీళ్ళు చెంపల మీదుగా జారుతున్నా తుడుచుకోవడం లేదు.

కాసేపటికి పైనుంచి విజిల్ మోగింది. మైదానంలో అరుపులన్నీ ఒక్కసారి ఆగాయి.

"ఏయ్ రెండు జడల పిల్లా! ఖో అనకుండానే లేస్తావేం? కూర్చో!"